మెదక్ చర్చి ముందు ఒక ఫోటో

మా పుట్టింట్లో దేవుడి గూటి పక్కన గోడకు ఒక ఫోటో వేలాడుతూ ఉంటుంది. నలుపు తెలుపు ఫోటో. అందులో మెదక్ చర్చి గోపురం కొసదాకా, ఒక్క అంగుళం తెగకుండా పడింది. కింద మెట్ల దగ్గర రెండు నల్లటి గీతలు నిలబడి ఉంటాయి. ఎవరైనా కొత్త చుట్టాలు వచ్చి, "ఇవేమిటమ్మా, స్తంభాలా?" అని అడిగితే మా అమ్మ, "స్తంభాలు కావు నాయనా. ఒకటి నేను, ఇంకొకటి మా ఇంటాయన" అంటుంది.

ఆ ఫోటో తీసింది నేనే.

ఈవేళ మీతో చెప్పాలనుకున్నది ఆ ఫోటో సంగతే. సెలవులు వస్తే మనమందరం ఏదో ఒక గుడికో కోటకో వెళతాం. కట్టడం ముందు మనవాళ్ళను వరసగా నిలబెడతాం, కాస్త వెనక్కి పోతాం, ఇంకాస్త వెనక్కి పోతాం, నొక్కేస్తాం. ఇంటికొచ్చి చూసుకుంటే గుడి ఉంటుంది, మనవాళ్ళు ఉండరు. ఉన్నా బొగ్గు పూసినట్టు ఉంటారు. ఇది కెమెరా తప్పు కాదని నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

అది 1984, మే నెల. మా నాయన జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ళ వ్యాపారం చేసేవాడు. మా అన్నకు మెదక్‌లో ఉద్యోగమైంది. నాకు ప్రొద్దుటూరు సంబంధం చేసి అప్పటికి ఏడాది. మా ఆయన కొత్తగా ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నారు. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నల్లటి డబ్బా, వీపున చిన్న ఎర్రటి కిటికీ, అందులో అంకెలు కనపడేవి. రీలుకు పన్నెండే ఫోటోలు. ఆ పన్నెండూ జాగ్రత్తగా వాడమని మరీ మరీ చెప్పి నా చేతికిచ్చారు. అమ్మా, నాయనా, నేనూ ముగ్గురం బస్సులు మారి మారి మెదక్ చేరాం. హైదరాబాదు నుంచి మెదక్ వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

చర్చి చూడాలన్నది నాయన కోరిక. రాతి వ్యాపారం చేసేవాడికి రాతి కట్టడం అంటే పిచ్చి ఉంటుంది కదా. మా జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ఆ వైపు పోయినప్పుడల్లా గోడలు తట్టి చూసి వచ్చే మనిషి ఆయన. మెదక్ చర్చి దగ్గర అయితే చెప్పనక్కర్లేదు. లోపలికి పోగానే ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి, రెండు రాళ్ళు కలిసే చోట బొటనవేలి గోరు పెట్టి, "అతుకు చూడమ్మా, గోరు దూరడంల్యా" అన్నాడు. ఆ క్షణాన నా చేతిలో కెమెరా ఉంది. తీయాలని తోచలేదు. ఫోటో అంటే బయట నిలబడి, గోపురమంతా పడేట్టు తీసేదని నా లెక్క.

ఇంతకీ ఆ చర్చి ఎలాంటిదో కొంచెం చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ ఇంగ్లండు నుంచి వచ్చి మెదక్‌లో స్థిరపడ్డాడు. అప్పటికి మెదక్ నిజాం రాజ్యంలో ఒక చిన్న ఊరు. అలాంటి ఊళ్ళో 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవున గుడి కట్టాలని సంకల్పించాడు. 1914లో పని మొదలైంది. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ప్రతిష్ఠ జరిగింది. గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు ఐదు వేల మంది కూర్చోవచ్చునంటారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇది ఆ సంఘం మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది. ఈ గోపురం చార్మినారు కంటే పొడుగని నిజాం నవాబుకు కష్టం తోచిందని ఒక కథ కూడా చెప్పుకుంటారు. కథ కథే అనుకోండి.

నా మనసుకు పట్టింది ఆ కథ కాదు. ఆ పదేళ్ళలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, కరువు వచ్చింది, ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. తిండి లేక అల్లాడుతున్న చుట్టుపక్కల పల్లెల జనానికి పాస్నెట్ ఈ గుడి కట్టే పని చూపించి, పనికి తిండి పెట్టాడు. రాయి కొట్టినవాళ్ళూ మోసినవాళ్ళూ ఆకలికి వచ్చినవాళ్ళు. ఆడవాళ్ళు కూడా తట్టలు మోసే ఉంటారు, మన దేశంలో ఏ కట్టడమైనా వాళ్ళు లేకుండా లేచిందా? గోపురం ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ మోసినవాళ్ళ ముఖాలు మాత్రం మనకు కనపడవు.

సరే, మా ఫోటో దగ్గరికి వద్దాం. సాయంత్రమైంది. పొద్దు గుడి వెనక మూలకు దిగుతోంది. మెట్ల దగ్గర అమ్మనూ నాయననూ నిలబెట్టాను. గోపురం పట్టడం లేదని వెనక్కి నడిచాను. పట్టేదాకా నడిచాను. ఇక్కడ రెండు తప్పులు జరిగాయి, రెండూ ఒక్క నొక్కుడులోనే.

మొదటిది వెలుతురు. కెమెరాకు మన కళ్ళకున్నంత తెలివి లేదు. మన కన్ను వెలుగులో ఉన్న ఆకాశాన్నీ చూస్తుంది, నీడలో ఉన్న ముఖాన్నీ చూస్తుంది, రెంటినీ సర్దుకుంటుంది. కెమెరా అలా సర్దుకోలేదు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే దానికే లెక్క కుదురుతుంది, ముందున్న మనుషులు మసి అయిపోతారు. పొయ్యి మంట వెనకనుంచి వెలుగుతుంటే ముందు నిలబడ్డ అత్తగారి ముఖం మనకు కనపడుతుందా? అంతే. నా క్లిక్ కెమెరాకు ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు తప్ప ఏమీ లేవు. ఇప్పటి సెల్‌ఫోన్లకు ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. అయినా ఫోనుకు మీరు చెప్పాలి. తెర మీద మనిషి ముఖం పడినచోట వేలితో ఒకసారి తాకండి. చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. అన్నిటికంటే సులువైన ఉపాయం మాత్రం పొద్దు ఎటుందో చూసుకుని మనిషిని తిప్పుకోవడం. సూర్యుడు మీ వీపు వెనక, కొంచెం పక్కకు ఉండాలి. మరీ ఎదురుగా ఉంటే పాపం వాళ్ళు కళ్ళు చికిలించుకుంటారు.

రాతికి కూడా పక్కవెలుగే కావాలి. మీ ఇంట్లో పాత విసుర్రాయి ఉందా? గంట్లు కొట్టించిన రాయి మీద నడిమధ్యాహ్నం ఎండ పడితే చదునుగా పలకలాగా కనపడుతుంది. అదే పొద్దున్నే కిటికీలోంచి ఏటవాలుగా వెలుగు పడితే ఒక్కొక్క గంటూ లెక్కపెట్టవచ్చు. ప్రతి గంటుకూ పక్కనే సన్నటి నీడ పడుతుంది కాబట్టి. గుడి గోడ కూడా పెద్ద విసుర్రాయే అనుకోండి. పన్నెండు గంటలప్పుడు తీస్తే గోడ మాత్రమే పడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక తీస్తే ఉలి పని పడుతుంది. ఇందుకు మెదక్ దాకా పోనక్కర్లేదు. మా కడప జిల్లా వాళ్ళు వల్లూరు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరికి పోయి, గుడి గోడల మీది శిల్పాలను పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి తీసి పక్కపక్కన పెట్టుకుని చూడండి. నేను అక్కడే నేర్చుకున్నాను. గండికోటలో మసీదుకూ, మాధవరాయ స్వామి గుడికీ ఇదే మాట వర్తిస్తుంది.

రెండో తప్పు దూరం. ఇది కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే దాదాపు అందరం చేసేది ఇదే.

పొడుగాటి గోపురం ముందు నిలబడి ఫోను పైకెత్తి తీస్తే ఏమవుతుంది? గోడలు పైకిపోయేకొద్దీ దగ్గరపడి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. అలా రాకూడదంటే ఫోను నిటారుగా, గోడకు సమంగా పట్టుకోవాలి. ఫోనును నిలువుగా, వంచకుండా పట్టుకుంటే మీ కంటి ఎత్తున ఉన్నది ఫోటోకు సరిగ్గా మధ్యన పడుతుంది. అంటే గోపురం అంతా పై సగంలోనే పట్టాలి. 175 అడుగుల గోపురం అలా పట్టాలంటే సుమారు 300 అడుగులు వెనక్కి పోవలసి ఉంటుంది. మెదక్‌లో అదృష్టవశాత్తూ ఆవరణ విశాలం, పోవచ్చు.

మరి కింది సగం? అక్కడ వట్టి నేలే ఉంటుంది. "ఇంత నేల ఎందుకు?" అని మనం ఫోను పైకెత్తుతాం. ఎత్తకండి. ఆ కింది సగమే మన మనుషుల చోటు. వాళ్ళను మెట్ల దగ్గర నిలబెట్టకండి. మీరు ఎంత వెనక్కి వచ్చారో అంతా వాళ్ళనూ మీతో తీసుకురండి. మీకు ఆరడుగులు, ఎనిమిది అడుగుల దూరంలో, గోపురానికి కాస్త పక్కగా నిలబెట్టండి. వాళ్ళ కళ్ళు మీ కళ్ళ ఎత్తునే ఉంటాయి కాబట్టి ఫోటో నడుమ పడతాయి, ఒళ్ళు కింది సగం నింపుతుంది, పక్కన పై సగంలో గోపురం లేస్తుంది. గోపురం ఎంత దూరం ఉన్నా గోపురమే, ఎవరూ స్తంభం అనుకోరు. మనిషి మాత్రం దగ్గరుంటేనే మనిషి.

ఇంత చిన్న సంగతి నాకు 1984లో తెలియదు. గోపురం దగ్గర మనిషిని నిలబెట్టాలనుకున్నాను, మనిషి పక్కకు గోపురాన్ని తెచ్చుకోవచ్చునని తోచలేదు.

ఆ ఏడు కార్తీకంలో నాయన పోయాడు. ఉన్నట్టుండి, ఒక్క రోజులో. పదకొండో రోజుకు పటం కట్టించాలి. ఇల్లంతా వెతికితే ఆయన ఫోటో వేరే లేదు. పెళ్ళి ఫోటో అనే అలవాటు వాళ్ళ రోజుల్లో మా ఇళ్ళలో లేదు. మెదక్ రీలు నెగెటివ్ పట్టుకుని స్టూడియోకు పోయాం. స్టూడియో అతను మంచివాడు, రాత్రంతా కూర్చుని ఆ నల్లటి గీతను పెద్దది చేశాడు. పెద్దది చేసినకొద్దీ ముఖం బొంబాయి రవ్వ చల్లినట్టు విడిపోయింది. ముక్కు ఎక్కడో, కన్ను ఎక్కడో. చివరికి ఒక చిత్రకారుడు ఆ రవ్వ మీద ఊహించి ముఖం గీశాడు. మా అమ్మ దాన్ని చూసి, "ఈయనెవరో పెద్దమనిషి. మీ నాయన కాదులే" అని పెట్టెలో పెట్టేసింది. గోపురం ఫోటోనే గోడకు తగిలించింది. కనీసం అందులో ఉన్నది ఆయనే కదా అంది.

ఈ మాట మీకు చెప్పడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మన ఇళ్ళలో ఇంకో విచిత్రం చూడండి. ఆల్బమ్ తిరగేస్తే ఎవరు తక్కువ కనపడతారు? కెమెరా ఎవరి చేతిలో ఉందో వాళ్ళు. వెనకటికి మగవాళ్ళు, ఇప్పుడు చాలా ఇళ్ళలో మనం. ఒకప్పుడు ఆడవాళ్ళు ఫోటో తీయించుకోవడమే పెద్ద సంగతి. 1892లో హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు, ఘోషా స్త్రీల కోసం విడిగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. అందులో ఫోటోలు తీసే పని ఒక ఇంగ్లీషు ఆవిడకు అప్పజెప్పాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, కెమెరా మెడలో వేసుకుని మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఫోను ప్రతి ఆడదాని చేతిలోనూ ఉంది. అయినా మనల్ని ఎవరైనా తీయమని అడగడానికి మనకే మొహమాటం. అడగండి. పిల్లల చేతికి ఫోనిచ్చి, ఎక్కడ నిలబడాలో మీరే చెప్పండి.

ఇక గుడి లోపలి సంగతి. మెదక్ చర్చికి వెళ్ళేవాళ్ళు ముఖ్యంగా చూసేది రంగుటద్దాల గవాక్షాలు. మూడున్నాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ ఘట్టం 1958లో అమర్చారు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటిని చిత్రించాడు. చిన్న చిన్న గాజు పలకల మీద రంగులు వేసి, కాల్చి, సీసం బద్దలతో అతికి బొమ్మ చేస్తారు. పగలు లోపల నుంచి చూస్తే మణుల్లాగా మెరుస్తాయి. చీకటి పడితే బొమ్మే కనపడదు. అక్కడివాళ్ళు దీన్నొక వింతగా చెబుతారు గానీ, మీ గాజుల పెట్టె తెరిచి చూడండి. పెట్టెలో ఉన్న ఆకుపచ్చ గాజు నల్లగానే ఉంటుంది. అదే గాజును కిటికీకి అడ్డం పట్టి చూస్తే పచ్చగా వెలుగుతుంది. వెలుగు దాని మీద పడితే చాలదు, దానిలోంచి రావాలి.

అందువల్ల లోపల ఫ్లాష్ వేయకండి. ఆ వెలుగు పది పదిహేను అడుగులకు మించి పోదు, పోయినా గాజు మీద పడి వెనక్కి కొడుతుంది. బొమ్మ రాదు, పక్కన ప్రార్థన చేసుకునేవాళ్ళు మాత్రం ఉలిక్కిపడతారు. తెర మీద గవాక్షం బొమ్మనే వేలితో తాకండి. చుట్టూ గోడ నల్లబడిపోతుంది, రంగులు తేరుతాయి. గోడను తాకితే గోడ కనపడుతుంది, గవాక్షం తెల్లటి బట్ట ఆరేసినట్టు వస్తుంది. రెండూ కావాలంటే రెండు ఫోటోలు తీసుకోండి, ఇప్పుడు పన్నెండే అనే బాధ లేదు కదా. ఏ వేళకు ఏ గవాక్షం బాగుంటుందనేది పొద్దు చెబుతుంది. ఉదయం ఒక వైపుది, సాయంత్రం ఇంకో వైపుది. సగం రోజు అక్కడే గడిపేట్టు పోతే రెండూ దొరుకుతాయి. లోపల ఫోటోలు తీయవచ్చునో లేదో ముందు అడిగి తెలుసుకోండి. ఆరాధన జరుగుతుంటే ఫోను సంచిలో వేసుకోండి. మన గుడిలో అర్చన చేయించుకుంటుంటే ఎవరో వచ్చి మన ముఖం మీద ఫోను పెడితే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

2024 డిసెంబరుకు ఆ గుడికి నూరేళ్ళు నిండాయి. పండుగ సందడి తగ్గాక, జనవరిలో, మా అమ్మను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. కారు దిగి నాలుగడుగులు వేసి, "ఇంతేనా, ఇంకా పెద్దగుంటుందనుకున్నానే" అంది. నలభై ఏళ్ళుగా గోడ మీద రోజూ చూస్తున్న గోపురం కదా.

మెట్ల దాకా నడిపించలేదు. దూరంగా, దారి పక్కన ఒక కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. పొద్దు నా వీపు వెనక పక్కగా ఉండేట్టు చూసుకున్నాను. కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు నేను కూడా గొంతుక్కూర్చున్నాను. ముఖం మీద వేలు పెట్టి తాకాను. ఆమె ముఖంలో ముడతలు ఒక్కొక్కటీ తేలాయి. వెనక గోపురం లేచింది. చలిగాలికి పైట జారుతుంటే ఆమె సర్దుకోబోయింది. సర్దుకోకముందే ఒకటి, సర్దుకున్నాక ఒకటి తీశాను. మొదటిదే బాగా వచ్చింది.

తర్వాత లోపలికి తీసుకుపోయాం. నాయన గోరు పెట్టి చూసిన స్తంభం ఏదో నాకు గుర్తులేదు. అమ్మకు గుర్తుంది. నేరుగా పోయి దాని మీద చెయ్యి పెట్టింది. ఈసారి తీశాను. చెయ్యి, స్తంభం, అతుకు మాత్రమే. ముఖం లేదు.

ప్రొద్దుటూరు వచ్చాక రెండూ కాగితం మీద వేయించాను. ఫోనులో ఉన్న ఫోటో ఫోనుతోనే పోతుంది, నచ్చినవి నాలుగైనా ఏడాదికోసారి ప్రింటు వేయించుకుని, వెనక పెన్సిలుతో పేరు, తేదీ రాసి పెట్టుకోండి. మా అన్న పెద్ద ఫోటో చూసి, "గోపురం కొస తెగిందే" అన్నాడు. నిజమే, రెండు వేళ్ళ మేర తెగింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "తెగితే తెగనీరా, అది పాత ఫోటోలో ఉంది గదా" అని, రెండింటినీ ఒకే మేకుకు తగిలించమంది.